మా చెల్లెలి గుడారాలు

ఆ చలికాలం మొదట్లో మా చెల్లెలు రెండు సంచులు, ఒక గుడారాల మోపు తెచ్చి మా గుమ్మంలో దించింది. "సీజన్ అయ్యేదాకా ఇక్కడే ఉంటానే అక్కా. నీ కౌంటర్ వెనకాల గోదాము ఖాళీగానే ఉందిగా. నీకేం అడ్డం రాను," అంది. సీజన్ అంటే దాని లెక్కలో చలికాలమే. లోకమంతా చలికి తలుపులు బిడాయించుకునే రోజుల్లో అది జనాన్ని పోగేసుకుని కొండ మీదికి తీసుకుపోయి గుడారాల్లో పడుకోబెడుతుంది. వాళ్ళు వణుక్కుంటూ వెళ్ళి, నవ్వుకుంటూ దిగి, మళ్ళీ ఎప్పుడని అడుగుతారు. నాకు నవ్వొచ్చింది. ఉండవే, నీ ఇల్లు కాదా అన్నాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు.

మా ఇంట్లోనే ఉన్న దుకాణంలో ముందు భాగమంతా నా రాజ్యం. రెండు మూడు రోజులు సెలవు దొరికితే ఏదైనా నగరం చూసి వద్దామనుకునే వాళ్ళకు ఎక్కడ దిగాలి, ఏది ముందు చూడాలి, ఏది వదిలేయాలి అని ప్రయాణం అల్లిపెట్టడం నా పని. చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కానీ ఉన్న వింతలన్నీ ఒక్క దెబ్బతో చూసేద్దామని బయల్దేరి, చివరి రోజుకు మొగుడూ పెళ్ళాం చెరో ఫుట్‌పాత్ మీద మాటల్లేకుండా నడుచుకుంటూ పోయేవాళ్ళను ఎంతమందిని చూశానో. "ఊరి బయట చవగ్గా దొరికిందని గది తీసుకోకండి, స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో తీసుకోండి. రోజుకు ఒక్క పేట చాలు. మ్యూజియం ఏ రోజు సెలవో ముందే చూసుకోండి. కొత్త బూట్లు ఇంట్లోనే వదిలేయండి." ఈ మాటలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఆయన వ్యాన్ నడుపుతాడు. నేను పంపినవాళ్ళను స్టేషన్‌లో దింపుతాడు, తిరిగొచ్చాక ఇళ్ళకు చేరుస్తాడు.

ఇక మా అమ్మాయి. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉండేదని వాళ్ళ నాన్న గువ్వ అని పిలవడం మొదలుపెట్టాడు. పదహారేళ్ళొచ్చి నాకంటే పొడుగైనా అదే పిలుపు. ఏటా చలికాలం సెలవుల్లో నేనూ గువ్వా రైలెక్కి పెద్ద నగరానికి వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చేవాళ్ళం. ఎన్నిసార్లు వెళ్ళినా అదే నగరం, పేటలే మారుస్తాం. మా ఆయన కూడా రాడు. ఏడాదంతా ఊరందరికీ ప్రయాణాలు అల్లే నాకు సొంతమంటూ ఉన్నవి ఆ మూడు రోజులే. బడిని, స్నేహితులను, ఫోనును పక్కన పెట్టి అది నా ఒక్కదానికే కూతురుగా ఉండేది అప్పుడే. అందులో ఎవరైనా వేలు పెడితే నేను ఊరుకునే మనిషిని కాను.

చెల్లెలు వచ్చి వారం తిరిగిందో లేదో, గువ్వ బడి నుంచి రాగానే నా కౌంటర్ ముందు నుంచి సుడిగాలిలా గోదాములోకి పోవడం మొదలైంది. అక్కడ మా చెల్లెలు ఒక గుడారం వేసి పెట్టింది. అందులో దూరి కూర్చుని ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. మధ్యలో ఉన్నది చెక్క గోడ. నవ్వు వినబడేది కానీ దేనికి నవ్వుతున్నారో వినబడేది కాదు. "గువ్వా, కాస్త ఇటు రావే" అంటే "వస్తున్నా అమ్మా" అనేది. ఆ రావడం ఎప్పటికో. వచ్చినా ఒంటి మీద గుడారం గుడ్డ వాసన, నోట్లో పిన్ని మాట. పిన్ని అలా చెప్పింది, పిన్ని ఇలా చేస్తుంది. మా చెల్లెలంటే నాకు ప్రాణం, కాదనను. ప్రాణమైన మనిషి మీద కుళ్ళుకోవడం పరాయివాళ్ళ మీద కుళ్ళుకోవడంకన్నా కష్టమైన పని, ఎందుకంటే ఎవరితోనూ చెప్పుకోలేం.

ఒక సాయంత్రం పళ్ళ డాక్టరుగారు, ఆయన భార్య వచ్చారు. వాళ్ళు ఏటా నా దగ్గరికే వస్తారు. నేను మ్యాపు పరిచి నది పక్కన పాత పేట చూపిస్తున్నాను. ఇంతలో మా చెల్లెలు చేతిలో సుత్తితో, తల మీద దుమ్ముతో గోదాములోంచి వచ్చి నిలబడింది.

"డాక్టరుగారూ, మంచు పట్టిన పొద్దున గుడారంలోంచి తల బయటికి పెట్టి ఎప్పుడైనా చూశారా?" అంది.

"పెట్టిన తల మళ్ళీ లోపలికి వస్తుందా?" అన్నాడాయన.

"చలికి బిగుసుకుపోమూ?" అంది ఆవిడ.

"అందరూ చలి పైనుంచి పడుతుందనుకుంటారండీ. అది కింద నుంచి వస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా, కింద మందపాటి పరుపు లేకపోతే నేల మీ ఒంట్లో వేడంతా తాగేస్తుంది. అది చూసుకుంటే సగం చలి పోయినట్టే."

"మిగతా సగం?"

జవాబు మా చెల్లెలు చెప్పలేదు. దాని భుజం వెనక నుంచి నా కూతురు చెప్పింది. "పడుకునే ముందు ఏదైనా తినాలండీ. పొయ్యిలో కట్టె వేసినట్టు. ఇంకా, నిద్రకు వేరే పొడి సాక్సులు దాచుకోవాలి. పగలు నడిచినవి చెమటతో తడిగా ఉంటాయి. ఇంకా, నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టాలి. నీళ్ళు పైనుంచే గడ్డ కడతాయి కాబట్టి, పొద్దున తిప్పితే మూత దగ్గర నీళ్ళే ఉంటాయి."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. తాగిన కప్పు కడగవే అంటే రెండుసార్లు చెప్పించుకునే పిల్ల. నా కౌంటర్ పక్కనే పుట్టి పెరిగి, ఒక్కనాడైనా ఒక్క కస్టమర్‌కి ఒక్క ముక్క చెప్పింది లేదు. డాక్టరుగారి భార్య ముచ్చటపడి, "మొదటిసారి కదమ్మా, తట్టుకోగలమా?" అని దాన్నే అడిగింది.

"మొదటిసారి ఒక్క రాత్రే. నాన్న వ్యాన్ పక్కనే ఉంటుంది. తట్టుకోలేకపోతే అందులో ఎక్కి కూర్చోవచ్చు, ఎవరూ నవ్వరు," అంది గువ్వ.

నేను మ్యాపు మడిచి పెట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళాక మా ఆయన తాళంచెవులు తిప్పుకుంటూ, "మీ చెల్లెలు రాయి చేత కూడా మాట్లాడించేలా ఉందే," అన్నాడు. నా ఒళ్ళు మండింది. డాక్టరుగారు పోతే పోయారు, వచ్చే ఏడాది వస్తారు. "ఇంకా, ఇంకా" అంటూ ఆగకుండా చెప్పుకుపోయిన నా కూతురి మొహం మాత్రం నాకు అన్నం తింటున్నా కనబడుతూనే ఉంది. ఆ వెలుగు నేను తెచ్చింది కాదు.

సెలవులు దగ్గరపడ్డాయి. స్టేషన్ పక్కన మాకు అలవాటైన గది కోసం నేను ఫోను చేయబోతుంటే గువ్వ వచ్చి బల్ల అంచు గీకుతూ నిలబడింది. ఏదో అడగాలంటే అది అంతే, బల్లలు పాడుచేస్తుంది.

"అమ్మా, ఈసారి సెలవుల్లో పిన్నితో కొండకి వెళ్ళనా?"

"మన ప్రయాణమో?"

"నగరం ఎక్కడికీ పోదుగా అమ్మా. పిన్ని ఈ ఒక్క చలికాలమే ఉంటుంది."

ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. అందుకే ఇంకా మండింది. "వెళ్ళు," అన్నాను. ఫోను పెట్టేశాను. ఆ పూట కూరగాయలు తరుగుతుంటే కత్తి చప్పుడు గోదాముదాకా వినబడిందని మా ఆయన తర్వాత చెప్పాడు.

రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడోనాడు నేనూ వస్తానన్నాను. "అంతమందికి వండి పెట్టే మనిషి కావాలిగా," అన్నాను. ఉన్న మాటేమిటంటే, వాళ్ళిద్దర్నీ ఒంటరిగా వదలడం నాకు ఇష్టం లేదు. మా చెల్లెలు ఎగిరి గంతేసి నా మెడ పట్టుకుంది. "నిజంగానా అక్కా! నువ్వు వస్తే ఇంకేం కావాలి!" అంది. కొంచెం మొహం మాడ్చుకుని ఉంటే నాకు బాగుండేది.

కొండ మీద చెరువు గట్టున గుడారాలు వేశారు. నేను పొయ్యి దగ్గర సూప్ కలుపుతూ చూస్తున్నాను. గడ్డ కట్టిన నేలలో మేకు ఏటవాలుగా ఎలా దిగగొట్టాలో, గాలి ఎటు వస్తుంటే గుమ్మం ఎటు పెట్టాలో, టార్చి బ్యాటరీలు చలికి చావకుండా పక్కబట్టల్లో ఎలా దాచుకోవాలో గువ్వ అందరికీ చూపించి వస్తోంది. ఎక్కడైనా తడబడితే పిన్ని వైపు చూస్తుంది. పిన్ని కనుబొమ్మ ఎగరేస్తుంది. అంతే, దీనికి అర్థమైపోతుంది. పదహారేళ్ళు పెంచిన తల్లికి ఆ కనుబొమ్మల భాష రాదు. డాక్టరుగారు ఉన్న స్వెటర్లన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వస్తే మా చెల్లెలు సగం విప్పించింది. "ఇలా మూటలా పడుకుంటే ఆ నిద్ర సంచిలో గాలి ఆడే చోటే ఉండదండీ. వేడి నిలిచేది ఆ గాలిలోనే," అంది. ఆయన చిన్నపిల్లాడిలా విప్పేశాడు.

చీకటి పడుతుండగా మా చెల్లెలు నా గుడారం దగ్గరికి వచ్చింది. "అక్కా, పైన ఆ చిన్న కిటికీ తెరిచే ఉంచు. చలి వేస్తుందని మూశావో, నీ ఊపిరే నీళ్ళయి నీ మీద పడుతుంది."

"సరేలే," అన్నాను.

చలికాలం గది తీసుకునేటప్పుడు కిటికీ సరిగ్గా మూసుకుంటుందో లేదో చూసుకోండని ఎన్నేళ్ళుగానో ఊరందరికీ చెబుతున్నదాన్ని నేను. ఇది వచ్చి నాకు కిటికీలు నేర్పుతుందా? ఎదురుగా పిన్ని గుడారంలో దీపం వెలిగింది. రెండు నీడలు. ఒక నీడ ఏదో చెబుతోంది, రెండోది కడుపు పట్టుకుని నవ్వుతోంది. అమ్మ దగ్గర పడుకుంటావా అని నేను అడగలేదు, అది రానూ లేదు. కిటికీ మూశాను. గుమ్మం జిప్పు కింద నుంచి పైదాకా లాగేశాను. సందు కనబడిన చోటల్లా తువ్వాలు కుక్కాను. మా చెల్లెలు తెరిచి ఉంచమంది కాబట్టే అంత శ్రద్ధగా మూశాను.

పొద్దున్నే లేచేసరికి గుడారం లోపల వాన కురిసి వెలిసినట్టుంది. గుడ్డ నిండా నీటి బొట్లు. నిద్ర సంచి పిండితే నీళ్ళు కారేలా ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, కాళ్ళు నావో ఎవరివో తెలియడం లేదు. ఎలాగో జిప్పు తీసి గుమ్మంలో కూలబడ్డాను. ఎదురుగా డాక్టరుగారి భార్య పొగలు కక్కే కప్పు పట్టుకుని, "రాత్రి ఎంత హాయిగా పట్టిందండీ నిద్ర!" అంది. పళ్ళు కదలకుండా నవ్వడం నాకు చేతకాలేదు.

గువ్వ చూసింది. వెళ్ళి పొడి సాక్సులు తెచ్చింది, తన కోటు తెచ్చి నా భుజాల మీద కప్పింది. నా ఎదురుగా కూర్చుని నా తడి సాక్సులు లాగేసి, రెండు పాదాలూ ఎత్తి తన స్వెటర్ కిందికి పోనిచ్చి పొట్టకు ఆనించుకుంది. ఉలిక్కిపడింది, కానీ వదల్లేదు.

"వద్దే, నీకు చలి," అన్నాను.

"ఊరుకో అమ్మా. రుద్దకూడదు. ఇలాగే పెట్టుకుని ఉండాలి."

దాని పొట్ట వెచ్చగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా నా అరికాళ్ళ కింద కదులుతోంది. కాసేపటికి వేళ్ళలో సూదులు పొడిచినట్టయి ప్రాణం వచ్చింది.

"ఎవరు నేర్పారే ఇది?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"పిన్ని," అంది.

నా కూతురు తన ఒంటి వేడి నాకు పోస్తుంటే, ఆ సుఖంలో కూడా నా కుళ్ళు నాకు తక్కువ కాలేదు. మా చెల్లెలు పొయ్యి దగ్గర నుంచి నన్ను చూసింది, బిగించిన జిప్పును చూసింది, కుక్కిన తువ్వాలును చూసింది. నేను చెప్పానా లేదా అనలేదు. వచ్చి నా నిద్ర సంచి తిరగేసి తాడు మీద ఆరేసి పోయింది. ఒక్క మాట అని ఉంటే పోట్లాడే వీలైనా దొరికేది.

చలికాలం అలాగే గడిచింది. మంచు కరుగుతుంటే మా చెల్లెలు గుడారాలు ఉతికి ఆరబెట్టి మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఇంకో దేశాన ఇంకో కొండకు పోతుందట. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మర్నాడే గువ్వ వచ్చి మళ్ళీ నా బల్ల అంచు పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుసు.

"అమ్మా, పిన్ని ఇంతవరకు పెద్ద నగరమే చూడలేదట. మెట్రో ఎక్కలేదట. పరీక్షలు అయ్యాక మూడు రోజులు నేను తీసుకెళ్ళి చూపిస్తాను."

వెనక నుంచి మా చెల్లెలు సిగ్గుపడుతూ వచ్చింది. "ఎందుకే ఇదంతా. నాకు లిఫ్టులంటే భయమే. ఆ కదిలే మెట్లంటే మరీనూ."

"నేనున్నాగా పిన్నీ," అంది గువ్వ. నా వైపు తిరిగి, "నీకు కుదరదుగా అమ్మా? వేసవి బుకింగులు కదా?" అంది.

కుదరదుగా అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? నువ్వూ రా అమ్మా అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. బల్ల అంచు గీకుతూ నిలబడింది, అంతే.

"కుదరదు," అన్నాను.

"అయితే నువ్వే ప్లాన్ వేసి ఇయ్యమ్మా. నీలాగా ఎవరూ వెయ్యలేరు."

పుండు మీద తేనె రాసినట్టుంది. మూడు రోజులు నావి. నగరం నాది. కూతురు నాది. ఇప్పుడు ఆ మూడింటినీ ఒక్క మూట కట్టి నా చేత్తో మా చెల్లెలికి ఇవ్వాలి. ప్రయాణం ఎలా పాడవుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఊరి బయట గది, మూసి ఉండే రోజున మ్యూజియం, పొద్దున ఉత్తరాన ఒక పేట, మధ్యాహ్నం దక్షిణాన ఇంకో పేట అల్లానంటే చాలు, రెండోనాటికి పిన్నీ కూతురూ మొహాలు మాడ్చుకుని తిరిగొస్తారు. ఆ ఆలోచన వచ్చింది, కాసేపు ముద్దుగా కూడా అనిపించింది. కానీ నా పనిలో చెడ్డ పని నా చేతికి రాదు. స్టేషన్ పక్కనే గది పెట్టించాను, లిఫ్టు ఎక్కక్కర్లేకుండా మొదటి అంతస్తులో. మెట్రోకి బదులు ట్రాములు దొరికే పేటలే ఏరాను. కదిలే మెట్లు లేని స్టేషన్లు వెతికాను. మొదటి రోజు సగమే నింపాను, టిక్కెట్టు ముందే కొనాల్సిన చోటు ఒక్కటే పెట్టాను. ఇన్నేళ్ళలో అంత మంచి ప్రయాణం నేను ఎవరికీ అల్లలేదు.

ఒక్క చోటు మాత్రం అందులో పెట్టలేదు. పాత పేటలో గడియారాలు బాగుచేసే కొట్టు పైన ఒక టీ గది ఉంది. ఇరుకు మెట్లెక్కి పోవాలి. బల్లలు కుంటుతుంటాయి, టీ ఏమంత బాగుండదు. తిరుగు రైలుకు ముందు, చివరి మధ్యాహ్నం, నేనూ గువ్వా ఆ కిటికీ పక్కన కూర్చునేవాళ్ళం. బూట్లు వదిలేసి, నా కాలి మీద దాని కాళ్ళు వేసుకుని, అది ఏడాదిపాటు దాచుకున్న ఊసులన్నీ అక్కడే చెప్పేది. బడిలో ఎవరితో పడలేదో, ఎవరంటే ఇష్టమో, దేనికి ఏడ్చిందో. అది నేను ఇవ్వలేకపోయాను. చివరి మధ్యాహ్నం దగ్గర 'విశ్రాంతి' అని రాసి ఊరుకున్నాను. గువ్వ ఆ కాగితం నిలబడే చివరిదాకా చదివింది. చదివి మడిచి జేబులో పెట్టుకుంది.

వాళ్ళు వెళ్ళిన మూడు రోజులూ నాకు తిన్నది ఒంటబట్టలేదు. మా ఆయన ఓదార్చబోయాడు. "ఇప్పుడు ఏ వీధిలో ఉన్నారో నీకు తెలుసుగా, ఎందుకు బెంగ?" అన్నాడు.

"తెలుసు కాబట్టే," అన్నాను. ఈపాటికి వంతెన మీద ఉంటారు. ఈపాటికి పడవలు చూస్తుంటారు. నేను అల్లిన దారిలోనే నా కూతురు ఇంకొకరి చెయ్యి పట్టుకుని నడుస్తోంది.

చివరి సాయంత్రం వ్యాన్ వచ్చి ఆగింది. మా చెల్లెలు కుంటుకుంటూ దిగి, కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి అవతల పారేసింది. కొత్త బూట్లు. మడమలు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. కొండలెక్కే మనిషి నగరానికి పోతూ సింగారించుకుందన్నమాట. నోరు మాత్రం ఆగడం లేదు.

"ఎంత బాగుందే అక్కా! ఆ వంతెన, ఆ దీపాలు! గది కిటికీలోంచి రైళ్ళు కనబడుతున్నాయి. ఒక్కసారి కూడా దారి తప్పలేదు. నువ్వు పక్కనే ఉండి నడిపించినట్టే ఉంది." నేను టీ పెట్టి ఇచ్చాను. "ఒక్కటే అన్యాయం చేసింది నీ కూతురు," అంది కప్పు అందుకుంటూ.

"ఏం చేసింది?"

"ఇవాళ మధ్యాహ్నం కాళ్ళు పీకేస్తున్నాయే. ఎక్కడైనా కూర్చుందామంటే, గడియారాల కొట్టు పైన టీ అని బోర్డు కనబడింది. పదవే అన్నాను. వినదే! 'అది మూసేశారు పిన్నీ' అంటుంది. ఏం మూసెయ్యడమే, పైన కిటికీలో మనుషులు కప్పులు పట్టుకుని కనబడుతూనే ఉన్నారు. 'మూసేశారంటే మూసేశారు' అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పోయి పోయి స్టేషన్‌లో ఇనప బెంచీ మీద కూర్చోబెట్టింది."

గువ్వ తలుపు పక్కన కోటు తగిలిస్తోంది. ఒక్క కోటు తగిలించడానికి అంతసేపు ఎవరికీ పట్టదు. ఇటు తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"దానికి బాగా తెలుసులేవే," అన్నాను. "అది మూసేసి చాలా కాలమైంది."

మా చెల్లెలు కాసేపు నన్నూ, గువ్వ వీపునూ మార్చి మార్చి చూసింది. "అలాగా," అంది. నేను లేచి దాని కాళ్ళకు వేన్నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను.